ఏడో నమూనా రివర్స్ గేరు

జూన్ 2, ఆదివారం

లోకంలో అలాంటి బండ్లన్నిటికీ ఎడమ పక్కన ఉండే రివర్స్ గేరు మా బండికి మాత్రం కుడి పక్కన ఎందుకుంది?

పదిహేడో ఏట పట్టుకుంది నన్ను ఈ ప్రశ్న. ఇప్పుడు నాకు నలభై ఆరు. ఈ మధ్యలో ఒక డిగ్రీ, దాని మీద ఇంకో డిగ్రీ చదివాను. ఇరవై ఏళ్లుగా కాలేజీలో తర్కం పాఠం చెబుతున్నాను. ఒక వాక్యంలోంచి ఇంకో వాక్యం ఎలా వస్తుందో బోర్డు మీద బాణాలు గీసి చూపిస్తాను. మా షెడ్డులో ఉన్న జీపు గేరు రాడ్ దగ్గరికి వచ్చేసరికి ఆ బాణాలన్నీ వెళ్లి గోడకి కొట్టుకుంటాయి.

నాన్నని అడిగితే పూటకో జవాబు. నువ్వు పుడతావని తెలిసి నీకు వీలుగా పెట్టించానని ఒకసారి. ఆ రోజు ఫ్యాక్టరీలో ఎవరికీ కుడీ ఎడమా గుర్తు లేవని ఒకసారి. అమ్మని అడిగితే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది, పొయ్యి వెలిగించని పూట కూడా.

నేనూ తమ్ముడూ ఆ బండి మీదే నేర్చుకున్నాం. లైసెన్సు పరీక్షలో ఆఫీసరు వెనక్కి పోనివ్వమన్నాడు. నేను బుద్ధిగా తల వెనక్కి తిప్పి చూసి, రాడ్ కుడికి లాగి ముందుకి తోసి, క్లచ్ వదిలాను. వాళ్ల బండికి అక్కడ ఉన్నది సెకండు. ఆఫీసరు లేచి పరిగెత్తాడు కానీ కుర్చీ పరిగెత్తలేకపోయింది. రెండోసారి వెళ్లినప్పుడు కుర్చీ ముందే తీసి పక్కన పెట్టారు. తమ్ముడు మూడుసార్లు తప్పాడు. ఇప్పటికీ మా ఇద్దరికీ వేరే బండి ఇవ్వాలంటే తెలిసినవాళ్లు జంకుతారు.

సరే, అసలు సంగతి. నాన్న ఫ్యాక్టరీలో టెస్ట్ డ్రైవరు. కొత్త బండ్లని రాళ్లలో, బురదలో, వాగుల్లో నడిపి ఎక్కడ విరుగుతాయో చెప్పడం ఆయన పని. ఒకప్పుడు ఆ ఫ్యాక్టరీ కొండదారుల కోసం కొత్త రకం గేర్‌బాక్సు మొదలుపెట్టి ఏడు నమూనాలు చేసింది. తర్వాత మనసు మార్చుకుని ఆ పనే ఆపేసింది. ఆరింటిని పగలగొట్టారు. ఏడోది పరీక్షల జీపులో ఉండిపోయింది. ఆ జీపుని పాత ఇనుము కింద అమ్మేసినప్పుడు నాన్న కొనుక్కున్నాడు. అదే మాది.

తమ్ముడు దాని ఫోటోలు పాత బండ్ల క్లబ్బుకి పంపాడు. ఈ నెల ఇరవై రెండున వాళ్ల పరీక్షకుడు వస్తాడట. ఇది నిజంగా ఏడో నమూనాయే అని ఆయన సర్టిఫికెట్ ఇస్తే నెలాఖరు ప్రదర్శనలో మా బండికి ముందు వరసలో చోటు. అందుకు రెండు కావాలి. గేర్‌బాక్సు విప్పి ఉండాలి. రివర్స్ కుడి పక్కన ఎందుకుందో ఇంటివాళ్లు ఒక వాంగ్మూలం రాసి సంతకం పెట్టాలి.

"నువ్వు రాయక్కా. తర్కం తెలిసినదానివి," అన్నాడు తమ్ముడు. వాడిది కళ్లజోళ్ల దుకాణం. కనపడనివన్నీ నాకు కనపడతాయని వాడి నమ్మకం.

ఆ కాగితం ముట్టుకునే ముందు చెయ్యి ఆడించుకోవడానికి ఈ నోటుబుక్కు.

జూన్ 5, బుధవారం

పరీక్షకుడు ఏడో నమూనా మీద రాసిన వ్యాసం వచ్చింది. నలభై పేజీలు. ఆయన్ని నలభై పేజీలాయన అని పిలుచుకుంటున్నాను, నాలో నేనే.

ఆయన సిద్ధాంతం ఇది. స్టీరింగ్ ఎడమ పక్కన ఉండే దేశాలకి బండ్లు పంపాలని ఫ్యాక్టరీ రహస్యంగా ఆలోచించింది. అందుకే ఏడో నమూనాలో గేర్ల వరస అద్దంలో చూసినట్టు తిప్పి చేశారు. ఎంత బాగా రాశాడంటే, చదువుతుంటే నాకే గర్వం వచ్చింది. ప్రతి పేజీ కిందా అడుగు గమనికలు. తప్పు దొరకలేదు. తప్పు దొరకని వాదన అంటే నాకు అనుమానం ఎక్కువ, కానీ అది నా జబ్బు, ఆయన తప్పు కాదు.

తమ్ముడు హాల్లో నిలబడి గట్టిగా చదివాడు. అమ్మ స్టూలెక్కి గడియారం తుడుస్తోంది. ఆ గడియారం అమ్మ రిటైరైనప్పుడు ఫ్యాక్టరీ డ్రాయింగ్ సెక్షన్ వాళ్లు ఇచ్చింది. అమ్మ అక్కడ ట్రేసరు. ఇంజినీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద ట్రేసింగ్ గుడ్డ పరిచి, అదే బొమ్మని సిరాతో దింపడం అమ్మ పని. ఆ గుడ్డ నుంచి నీలి కాగితాలు తీస్తారు. ఆ కాగితాలు చూసి కింద షాపులో ఇనుము పోత పోస్తారు. అంటే అమ్మ గీత వెంట్రుకంత పక్కకి పోతే కింద ఇనుము కూడా పక్కకి పోతుంది. గడియారం కింద ఇత్తడి రేకు మీద చెక్కించారు: 'ఒక్క తప్పూ లేని ముప్పై ఒక్క సంవత్సరాలకు.' ఇప్పటికీ పాత సెక్షన్ వాళ్లు ఎవరొచ్చినా ముందు ఆ రేకు చదివి, తర్వాతే కూర్చుంటారు.

ఆ దూరదృష్టి అంతా అప్పటి డ్రాయింగ్ సెక్షన్ చీఫ్ గారిదేనని ముప్పై ఎనిమిదో పేజీలో ఉంది. తమ్ముడు ఆ వాక్యం చదవగానే అమ్మ చెయ్యి ఆగింది.

"ఎవరిదీ?" అంది.

వాడు మళ్లీ చదివాడు. అమ్మ "ఊఁ" అని స్టూలు దిగింది. ఆ 'ఊఁ' నాకు తెలుసు. నా మొదటి కవిత చూపించినప్పుడు విన్నాను.

జూన్ 6, గురువారం

అమ్మ ఇవాళ గడియారానికి కీ ఇవ్వడం మరిచిపోయింది. ఏం లేదు. వయసు.

జూన్ 9, ఆదివారం

గేర్‌బాక్సు ఇవాళ కూడా విప్పలేదు.

విప్పాల్సింది మేస్త్రి బాబాయ్. సొంత బాబాయ్ కాదు, నాన్నకి ప్రాణస్నేహితుడు, అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు. నాన్న పోయాక కూడా ప్రతి ఆదివారం వచ్చి బండిని పలకరించి వెళతాడు. ఇంజను వందసార్లు విప్పి ఉంటాడు కానీ గేర్‌బాక్సు మూత జోలికి ఎవర్నీ పోనివ్వలేదు. పోయిన ఆదివారం సరైన స్పానర్ లేదన్నాడు. తమ్ముడు కొత్త సెట్టు తెచ్చాడు. మొన్న మూత కింద వేసే గాస్కెట్ లేదన్నాడు. అదీ వచ్చింది. ఇవాళ షెడ్డులో నిలబడి వేలు తడిచేసి గాల్లో పెట్టి, తేమగా ఉంది, ఇలాంటప్పుడు విప్పకూడదన్నాడు. తేమకీ నట్టుకీ సంబంధం ఏమిటని అడిగాను. నీది పుస్తకాల చదువు తల్లీ, నీకు తెలీదులే అన్నాడు.

తర్వాత టీ తాగుతూ వంటింట్లో ఆయనా అమ్మా గొంతు తగ్గించి ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను వెళ్లగానే మాట మోకాళ్ల నొప్పుల మీదికి మళ్లింది.

ఇద్దరి మోకాళ్లూ భేషుగ్గా ఉన్నాయి.

జూన్ 12, బుధవారం

బాబాయ్ రాడు, గేర్‌బాక్సు విప్పడు. కనీసం శుభ్రం చేద్దామని డ్రైవరు సీటు కింద ఉన్న రేకు పెట్టె తీశాను. రెండు పాత ప్లగ్గులు, గాలి కొలిచే మీటరు, నాన్న బీడీల డబ్బా (మానేశానని అమ్మకి చెప్పిన ఏడాది తర్వాతిది, లేబులు కొత్తది). అడుగున ఒక రుమాలు. దానిలో చుట్టిన ఒక కాగితం.

ఈ రుమాలు నాకు గుర్తుంది. నాన్న జేబులో ఎప్పుడూ ఉండేది. ముఖం తుడుచుకోవడానికి ఇంకొకటి వాడేవాడు, చేతికి నూనె అంటితే ప్యాంటుకే రాసుకునేవాడు. దీనితో దేన్నీ తుడిచేవాడు కాదు. మెత్తగా, వెన్నలా ఉంటుంది. చుట్టూ చేత్తో కుట్టిన అంచు.

కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుంటే లోపల గీతలు కనిపించాయి. ఉతికి ఉతికి బూడిద రంగుకి వచ్చిన సన్నటి గీతలు. ఒక వంపు, వరసగా మూడు చిన్న సున్నాలు, పక్కన కొన్ని అంకెలు. ఒక వైపు నుంచి చూస్తే గీతలు స్పష్టంగా, అంకెలు నీరసంగా ఉన్నాయి. తిప్పి చూస్తే అంకెలు స్పష్టంగా, గీతలు నీరసంగా ఉన్నాయి. చాలాసేపు తిప్పుతూ కూర్చున్నాను.

కాగితం నాన్న రాసిన టెస్ట్ రిపోర్టు, కార్బన్ కాపీ. ఆయన చేతిరాతలో ఇంత పొడుగు వాక్యాలు నేను ఇంకెక్కడా చూడలేదు:

'ఏడో నమూనాలో ఫస్టు, రివర్స్ రెండూ డ్రైవరు ఒంటికి దగ్గరగా వచ్చినవి. బురదలో దిగబడి ముందుకూ వెనుకకూ ఊపవలసినప్పుడు చెయ్యి చాచనక్కరలేదు. పాత వరస కన్నా ఇదే మేలు. మార్చవద్దని నా మనవి.'

తేదీ ఉండాల్సిన చోట నూనె మరక.

జూన్ 13, గురువారం

అది పాత రుమాలు. ఆ గీతలు ఉతుకులో అంటిన మరకలు అయుండొచ్చు. మరకలకి అంకెలు ఎందుకుంటాయి అంటే, ఉండొచ్చు.

జూన్ 15, శనివారం

విప్పాం.

ఇంక వారమే ఉందని తమ్ముడు, విప్పకపోతే నేనే మొదలుపెడతానని నేను, ఇద్దరం బాబాయ్‌కి చెరోవైపు నిలబడ్డాం. నా చేతిలో స్పానర్ చూసి ఆయన భయపడ్డాడు. నేను పట్టుకున్నది తలకిందులుగా ఉందని తర్వాత చెప్పాడు.

మూత పైకి లేపి గుడ్డ మీద బోర్లించాడు. ఆ మూతకే మూడు కడ్డీలు, వాటికి ఫోర్కులు ఉంటాయి. రెండు వేళ్లతో పట్టుకున్నట్టు ఆ ఫోర్కులు లోపలి గేర్లని పట్టుకుని జరుపుతాయి. తమ్ముడు వ్యాసంలోని బొమ్మ పక్కన పెట్టి చూశాడు. మూత మొత్తం అద్దంలో ప్రతిబింబంలా ఉంది. అంచు మీద చిన్నగా 7 అంకె కూడా ఉంది. తమ్ముడు గంతేశాడు. నలభై పేజీలాయన చెప్పింది అక్షరాలా నిజమన్నాడు.

నేను ఫోర్కులు చూస్తున్నాను. ఒక్కటీ తిన్నగా లేదు. వంగిన చోట ఇనుము రంగు మారి నీలంగా ఉంది. కావాలని చేసిన మూత అయితే ఫోర్కులు కూడా దానికి తగ్గట్టే చేసేవాళ్లు కదా. ఉన్నవాటిని కాల్చి వంచడం ఎందుకు?

ఎవరు వంచారని అడిగాను. బాబాయ్ చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నేనే తల్లీ."

మూత వచ్చిందట, బిగించి చూస్తే ఫోర్కులు లోపలి గేర్లకి అందలేదట. పైకి వెళ్లి అడిగితే విచారణ, విచారణ అంటే ఎవరిదో ఒకరి ఉద్యోగం. తన చేతిలో గ్యాసు మంట ఉంది, సుత్తి ఉంది. భోజనాల గంట కొట్టేలోపు వంచి బిగించేశాడట. బండి నడిచింది కదా, ఇంక ఎవరికేం నష్టం అన్నాడు.

ఎవరి ఉద్యోగం బాబాయ్ అన్నాను.

ఆయన తమ్ముడి వైపు తిరిగి పదిహేడో నంబరు స్పానర్ అందుకోమన్నాడు. అప్పటికి విప్పాల్సిన నట్టు ఒక్కటీ మిగల్లేదు.

జూన్ 16, ఆదివారం

పొద్దున తమ్ముడు దుకాణానికి వెళ్లాక రుమాలు తెచ్చి బల్ల మీద అమ్మ ముందు పరిచాను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని, అంచు వేలితో తడిమి, "కుట్టు ఇంకా ఊడలేదు," అంది.

తర్వాత తనే చెప్పింది. ముప్పై ఏళ్లుగా అడుగుతుంటే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయిన మనిషి ఇవాళ కుర్చీలోంచి కదల్లేదు.

గేర్‌బాక్సు మూత పాత ట్రేసింగ్ చిరిగిపోతే కొత్తది చెయ్యమన్నారట. అమ్మ కొత్తగా చేరిన రోజులు. మొదటి రోజు గీతలన్నీ దింపేసింది. అంకెలు, అక్షరాలు మర్నాటికి మిగిలాయి. కిటికీ కింద ఆవరణలో టెస్ట్ డ్రైవర్లు బండ్లు గిరగిరా తిప్పుతున్నారు, దుమ్ము లోపలికి వస్తోంది. ఆరిన సిరా గీతల మీద దుమ్ము పడకుండా గుడ్డని బల్ల మీద బోర్లించి ఇంటికి వెళ్లింది. పొద్దున వచ్చి, బోర్లించిన సంగతి మరిచిపోయి, పైకి ఉన్న వైపే అంకెలు వేసేసింది. ఆ గుడ్డలో గీతలు అటూ ఇటూ ఒకేలా కనిపిస్తాయి. గీతలు ఒక వైపు, అంకెలు ఇంకో వైపు.

"నీలి కాగితం మీద అంకెలు తిన్నగా ఉన్నాయి. అంకెలు తిన్నగా ఉంటే బొమ్మ కూడా తిన్నగానే ఉందనుకున్నారు అందరూ. నీ పాఠాల్లో ఇలాంటిది ఏదో ఉండే ఉంటుంది," అంది అమ్మ.

ఉంది. మూడో అధ్యాయం.

బండి తయారయ్యాక మొదట ఎక్కింది నాన్న. వెనక్కి పోనిద్దామని వేస్తే ముందుకి పోయి ఇసక కుప్ప ఎక్కిందట. దిగి, దులుపుకుని, తిన్నగా డ్రాయింగ్ సెక్షన్‌కి వచ్చి ఇది గీసిందెవరని కేకేశాడు. ఉద్యోగం ఇంతటితో సరి అనుకుని అమ్మ చెయ్యెత్తింది.

"నాన్న ఏమన్నాడు?"

"ఇక్కడ దుమ్ము ఎక్కువగా ఉందండీ, కిటికీ వేసుకోండి అన్నాడు."

"నువ్వు?"

"ఆ దుమ్ము లేపేది మీరే కదండీ అన్నాను."

ఆ తర్వాతే ఆయన ఆ రిపోర్టు రాశాడంది. అది చదివి, ఈ మార్పు చేయించింది పక్క సెక్షన్ అని ప్రతి సెక్షనూ అనుకుంది. తెలియదని ఎవరూ ఒప్పుకోలేదు కాబట్టి ఎవరినీ ఎవరూ అడగలేదు. పని ఆగిపోయి పాత ట్రేసింగులు బయట పారేసినప్పుడు అమ్మ తన గుడ్డ వెతికి తెచ్చుకుని, దాన్నే రుమాలుగా కుట్టి నాన్నకిచ్చింది. వేడినీళ్లలో నానబెడితే ట్రేసింగ్ గుడ్డకి పట్టించిన గంజంతా పోయి పట్టులాంటి నూలు గుడ్డ మిగులుతుందట. సెక్షన్లో ఆడవాళ్లందరికీ తెలిసిన సంగతే.

"నీ మొదటి గౌను ఒక రేడియేటరు. తమ్ముడిది వెనక ఇరుసు," అంది.

నవ్వాపుకోలేక కాసేపు బల్ల మీద తల పెట్టేశాను. తలెత్తేసరికి అమ్మ నా వైపు కాదు, గడియారం వైపు చూస్తోంది. నాకప్పుడు తట్టింది. నేను నిజం రాసి సంతకం పెడితే అది క్లబ్బు పత్రికలో వస్తుంది. ఆ పత్రిక పాత ఫ్యాక్టరీ వాళ్లందరి ఇళ్లకీ వెళుతుంది. ఆ ఇత్తడి రేకు చదివి కూర్చునే వాళ్లందరి ఇళ్లకీ.

జూన్ 18, మంగళవారం

తమ్ముడికి చెప్పాను. వాడు ముందు పది నిమిషాలు నవ్వాడు. తర్వాత వాడి ముఖంలోంచి నవ్వు కొంచెం కొంచెంగా దిగిపోయింది. పొరపాటున పుట్టినదాన్ని నమూనా అని ఎవరు ఒప్పుకుంటారు, సర్టిఫికెట్ రాదన్నాడు. నలభై పేజీలాయన రాసిందాని కింద సంతకం పెట్టెయ్యి, అమ్మ గడియారం అమ్మకి ఉంటుంది, నా ప్రదర్శన నాకు ఉంటుంది అన్నాడు. మరి నాకేం ఉంటుందిరా అంటే, నీకు వంక పెట్టుకోవడానికి జీవితమంతా ఉంది కదక్కా అన్నాడు. వాడికి అప్పుడప్పుడు ఇలాంటివి వచ్చేస్తాయి.

మూడు వాంగ్మూలాలు రాశాను. ఒకటి జరిగింది జరిగినట్టు. అమ్మ ఆ సెక్షన్ వాళ్ల ముందు తల వంచుకుని కూర్చోవడం ఊహించుకున్నాను, మడత పెట్టేశాను. రెండోది ఆయన సిద్ధాంతం. చదవడానికి చాలా అందంగా ఉంది. మూడోది 'కారణం మాకు తెలియదు.' శనివారం దాకా ఇది నిజం. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి అబద్ధమైపోయింది.

తెలిసిన దాన్ని తెలియదనడం కన్నా, తెలియక ముప్పై ఏళ్లు బతకడమే హాయిగా ఉంది.

జూన్ 20, గురువారం

సంతకం పెట్టలేదు. అమ్మ నా పెన్నూ, ఒక తెల్ల కాగితమూ, స్కేలూ పట్టుకెళ్లింది. ఎందుకని అడగలేదు.

జూన్ 22, శనివారం

నలభై పేజీలాయన సరిగ్గా పదింటికి వచ్చాడు. పొట్టిగా, శుభ్రంగా, చొక్కా జేబులో నాలుగు రంగుల పెన్నులతో. గుడికి వచ్చినట్టు షెడ్డు గుమ్మంలో చెప్పులు విప్పబోయాడు. ఆ క్షణంలో నాకు ఆయన మీద కోపం అంతా పోయింది.

బాబాయ్ బండి బయటికి తోయించి, గేర్‌బాక్సు మూత పక్కనే పరిచి చూపించాడు. ఆయన భూతద్దంతో 7 అంకె చూశాడు, కొలతలు తీసుకున్నాడు, నోట్లో ఏదో లెక్కపెట్టుకున్నాడు. తర్వాత వాంగ్మూలం అడిగాడు. తమ్ముడు నన్ను చూశాడు. నేను జేబులో రెండో కాగితం పట్టుకుని ఉన్నాను. అవును, అందమైనదే. అక్కడి దాకా వచ్చేశాను, అది ఇక్కడ రాసుకోకపోతే ఈ నోటుబుక్కు ఎందుకు.

అప్పుడు అమ్మ వచ్చి తన కాగితం ఇచ్చింది. ట్రేసరు అక్షరాలు, అచ్చు పోసినట్టు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే వాలు. కిటికీ, దుమ్ము, బోర్లించిన గుడ్డ, మర్నాడు పొద్దున, అన్నీ ఉన్నాయి. కింద సంతకం, హోదా: ట్రేసరు. రుమాలు కూడా మడత విప్పి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన చదివాడు. రుమాలు వెలుతురుకి పట్టుకున్నాడు. తిప్పాడు. మళ్లీ తిప్పాడు. కుర్చీ వెతుక్కుని కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

"అమ్మగారూ, మరి చీఫ్ గారి దూరదృష్టి?" అన్నాడు చివరికి.

"ఆయనకి పెన్సిలు చెక్కడం కూడా మేమే చేసిపెట్టేవాళ్లం బాబూ. నా తప్పు ఆయన ఖాతాలో పడితే నేను ఊరుకోను," అంది అమ్మ.

అదీ సంగతి. నేను వారం రోజులుగా నిజం అనీ, గౌరవం అనీ బాణాలు గీసుకుంటున్నాను. అమ్మకి ఆ చీఫ్ మీద కచ్చ. లేకపోతే నా జేబులో కాగితం చూసిందేమో. చూసే ఉంటుంది. అడగలేదు.

తమ్ముడు మెల్లగా, గడియారం సంగతి ఏమిటమ్మా అన్నాడు. ముప్పై ఏళ్ల పదకొండు నెలలు అని మార్చి చెక్కిస్తే సరిపోతుందిరా అంది.

బాబాయ్ మూత బిగించాక నలభై పేజీలాయన, ఒక్కసారి నడిపి చూస్తానన్నాడు. గేర్ల వరస మా అందరికన్నా ఆయనకే బాగా తెలుసు, దాని మీద నలభై పేజీలు రాశాడు. సీటులో సర్దుకుని, తల వెనక్కి తిప్పి చూసి, వెనక్కి పోనివ్వబోయాడు. ఆయన చెయ్యి ఆయన వ్యాసం చదవలేదు. రాడ్ ఎడమకే వెళ్లింది. బండి నింపాదిగా ముందుకి వెళ్లి నీళ్ల డ్రమ్ముని కౌగలించుకుంది.

తడిసిన ప్యాంటుతో దిగాడు. నవ్వడం మొదలుపెట్టాడు. నాన్నకి ఇసక కుప్ప, నాకు కుర్చీ, ఈయనకి డ్రమ్ము. ఆ గేర్ల వరసకి తెలిసిన పరిచయం ఇదొక్కటే.

సర్టిఫికెట్ ఫారం అక్కడే బానెట్ మీద పెట్టి నింపాడు. ఫ్యాక్టరీలో చేసిందే, నంబరు ఉన్నదే, లోకంలో ఇంకోటి లేనిదే, కావాలని చేశారా లేదా అని ఫారంలో ఎక్కడా అడగలేదు అన్నాడు. 'విశేషానికి కారణం' అన్న గడి దగ్గర ఆగి, ఏం రాయమంటారని అమ్మని అడిగాడు.

"దుమ్ము అని రాయండి," అంది అమ్మ.

ఆకుపచ్చ పెన్నుతో రాశాడు.

జూన్ 30, ఆదివారం

ప్రదర్శన అయిపోయింది. ముందు వరసలోనే పెట్టారు. నలభై పేజీలాయన తన వ్యాసం వెనక్కి తీసుకుని అమ్మ కాగితం బోర్డు మీద అతికించాడు. అమ్మ బండి పక్కన కుర్చీలో కూర్చుని, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ రుమాలు తిప్పి చూపించింది. పాత సెక్షన్‌లో పనిచేసిన ఒకావిడ వచ్చి చదివి, అమ్మ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వారు. ఏమిటని అడిగితే, ఆవిడ గీసిన రేడియేటరు సంగతి, అది వేరే కథ అంది అమ్మ. నా గౌను గురించి నాకు కొత్తగా అనుమానం మొదలైంది.

తిరిగొస్తుంటే వాన. మట్టిదారిలో దిగబడ్డాం. నేనే స్టీరింగ్ మీద ఉన్నాను. ఫస్టు, రివర్స్, ఫస్టు, రివర్స్. చెయ్యి ఒంటి పక్కనే ఆడుతోంది, చాచే పని లేదు. ఆరో ఊపుకి బండి పైకొచ్చింది. నాన్న రాసింది నిజమే అన్నాను.

పక్క సీట్లోంచి అమ్మ, మీ నాన్న ఆ రిపోర్టు చేత్తో పట్టుకునే ఆ రోజు సెక్షన్‌కి వచ్చాడు, కేకేస్తూనే బల్ల మీద పడేశాడు అంది.

బండి ఆపేశాను. "రిపోర్టు తర్వాత రాశాడన్నావు మొన్న."

"అలా అన్నానా?" అంది. మొన్న చెప్పినప్పుడు ముఖం ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. వెనక సీట్లో ఉన్న బాబాయ్‌ని అడిగాను. నాకు నట్లు గుర్తుంటాయి తల్లీ, రోజులు గుర్తుండవు అన్నాడు.

ఇంటికొచ్చి రిపోర్టు మళ్లీ తీశాను. నూనె మరక అక్కడే ఉంది. మరక కింద ఏదో అంకె ఉంది. తమ్ముడు తన దుకాణంలో అన్నిటికన్నా పెద్ద భూతద్దం తెచ్చిచ్చాడు. మరక ఇంకా పెద్దగా కనిపించింది.

రివర్స్ కుడి పక్కన ఎందుకుందో ఇప్పుడు నాకు తెలుసు. దానికోసం ముప్పై ఏళ్లు పట్టింది, బాగానే ఉంది. తెలియనిది ఇది: బురదలో ఆ వరసే మేలని నాన్న రాసింది నిజంగా మేలు కనకా, లేక అప్పటికే ఆ చెయ్యెత్తిన అమ్మాయిని చూసేశాడు కనకా? బండిని అడుగుదామంటే, నేను నేర్చుకున్నదే దాని మీద, నా చెయ్యి సాక్ష్యానికి పనికిరాదు. తమ్ముడిదీ పనికిరాదు. నలభై పేజీలాయన చెయ్యి పాత వరసకి అలవాటు పడింది, అదీ పనికిరాదు. ఏ వరసా ఎరగని చెయ్యి బురదలో బండి నడపలేదు.

రెండూ నిజం అయుండొచ్చు కదా అంటాడు తమ్ముడు. అయుండొచ్చు. ముందు ఏది అన్నదే నేను తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకోలేను కూడా.

అమ్మ రుమాలు ఉతికి ఆరేసింది. గాలికి అటూ ఇటూ తిరుగుతోంది.